బొంతల్లో రంగులు, గుడ్డలు: నేను రోజూ వినే అపోహలు, చేతికి తెలిసిన వాస్తవాలు

పొందిక లేని దేన్నైనా మనవాళ్లు "అతుకుల బొంత" అనేస్తారు. బొంతలు కుట్టేదాన్ని కాబట్టి ఆ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. నాలుగు వందల ముక్కలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చోవాలంటే ఎంత చూపు కావాలో కుట్టినవాళ్లకే తెలుసు.

నా దగ్గర నేర్చుకునేవాళ్లకు కుట్టు పెద్ద కష్టమేమీ కాదు. పావు అంగుళం కుట్టు మార్జిన్, అంటే కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య వదిలే జాగా, కొద్ది రోజుల్లో చేతికి వచ్చేస్తుంది. అందరూ ఆగేది గుడ్డలు ఎంచుకునే దగ్గరే. "నాకు రంగుల తెలివి లేదండీ" అంటారు. కాసేపు మాట్లాడితే అడ్డం పడుతున్నవి ఎక్కడో విన్న మాటలేనని తేలుతుంది. వాటిలో తరచుగా వినేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రంగులు కుదరాలంటే ముందు వర్ణచక్రం (రంగులను వరుసగా గుండ్రంగా అమర్చి చూపే పటం) నేర్చుకోవాలి.

వాస్తవం: ముందు చూడాల్సింది ముదురా, లేతా అన్నది. రంగు పేరు ఆ తర్వాతి సంగతి. ఆకుపచ్చ నేల మీద ఎర్ర నక్షత్రం కుట్టారనుకోండి. వర్ణచక్రంలో అవి ఎదురెదురు రంగులు, అంటే కొట్టొచ్చినట్టు కనిపించాలి. కానీ రెండూ ఒకే ముదురులో ఉంటే నక్షత్రం అంచులు నిలవవు, చూస్తుంటే కళ్లు జలదరిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే మొనలు కరిగిపోతాయి. అదే ఆకుపచ్చలో రెండు మెట్లు లేత గుడ్డ తీసుకుంటే నక్షత్రం చటుక్కున లేచి నిలబడుతుంది.

బొంత ఎక్కువగా ఉండేది పడకగదిలో, మసక వెలుతురులో. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందుగా నల్లబడుతుంది, నీలం ఇంకా తేటగానే కనిపిస్తుంది. పగలు చక్కగా విడివిడిగా కనిపించిన ఎరుపు, ముదురు నీలం రాత్రికి తారుమారవుతాయి. అందుకే ముక్కలన్నీ గోడకు పరిచాక సాయంత్రం దీపం వేయకముందు ఒకసారి చూస్తాను. ఆ ఒక్క చూపు నాకు చాలా తప్పులు పట్టిచ్చింది.

ఫోన్‌లో ఫొటో తీసి నలుపు-తెలుపులోకి మార్చి చూడటం మంచి పద్ధతే. కళ్లు సగం మూసి చూసినా చాలావరకు తెలిసిపోతుంది. కొందరు ఎర్రటి ప్లాస్టిక్ కాగితం అడ్డం పెట్టుకుని చూస్తారు. ఎరుపు, నారింజ గుడ్డల విషయంలో అది మోసం చేస్తుంది, అవి ఉన్నదానికంటే లేతగా కనబడతాయి. వాటికి ఆకుపచ్చ కాగితం వాడాలి.

అపోహ: కొట్టులో నచ్చిన రంగు బొంతలోనూ అలాగే ఉంటుంది.

వాస్తవం: రంగును పక్క రంగు మార్చేస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో ఇదే తగువు వచ్చింది. అక్కడ నేసే చిత్రాల్లో నలుపు వెలిసినట్టు ఉందని ఫిర్యాదులు వచ్చాయి. 1824 నుంచి అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ ఆ నూలును పరీక్షించి చూస్తే రంగులో లోపమేమీ లేదు. ఆ నల్ల దారం పక్కన నేసిన నీలాలు, ఊదాలే దాన్ని బలహీనం చేస్తున్నాయి. ఆ పరిశీలన మీద ఆయన 1839లో పెద్ద గ్రంథమే వేశాడు. ఇరవయ్యో శతాబ్దంలో జోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడు విద్యార్థులకు ఈ సంగతి నేర్పడానికి రంగు డబ్బాలు పక్కన పెట్టి రంగు కాగితాలు ఇచ్చేవాడు. కలపడానికి వీల్లేని రంగులను పక్కపక్కన పెట్టి చూడటం తప్ప వేరే దారి ఉండదు. మనకు గుడ్డలతోనూ అంతే.

ఒకసారి చేసి చూడండి. ఒకే బూడిదరంగు గుడ్డ నుంచి రెండు అంగుళాల చదరపు ముక్కలు రెండు కత్తిరించండి. ఒకటి నారింజ గుడ్డ నడుమ, ఇంకొకటి నీలం గుడ్డ నడుమ పెట్టండి. నారింజ మీది బూడిద నీలం తిరుగుతుంది, నీలం మీదిది కాస్త నారింజ వైపు మొగ్గుతుంది. ఒకే తానులోవని చెబితే ఎవరూ నమ్మరు. "బూడిద ఎందులోనైనా కలిసిపోతుంది" అనే మాట ఎంతవరకు నిజమో ఈ రెండు ముక్కలే చెబుతాయి.

అందుకని చేతిలో తానులు పట్టుకుని ఎంచడం నేను మానేశాను. తానుల వరుసలో అన్ని రంగులూ సమానంగా కనిపిస్తాయి. బొంతలో ఒకటి ముప్పాతిక భాగం, మరొకటి గోరంత ఉంటుంది. ముక్కలు కత్తిరించి, గోడకు తగిలించిన ఫ్లానెల్ గుడ్డ మీద దాదాపుగా రావాల్సిన కొలతల్లో అంటించి చూడాలి. పిన్ను కూడా అక్కర్లేదు, నూలు ముక్క ఫ్లానెల్‌ను పట్టుకునే ఉంటుంది. ఇంకొక సంగతి: కొట్టు దీపాల కింద ఒకేలా ఉన్న రెండు నలుపులు ఎండలోకి తెస్తే ఒకటి ఆకుపచ్చగా, ఒకటి గోధుమగా బయటపడవచ్చు. రెండు వెలుతుర్లలోనూ చూడకుండా కత్తెర పెట్టకండి.

అపోహ: మోడరన్ క్విల్ట్ (ఆధునిక పద్ధతి బొంత) అంటే తెల్లటి నేల, కాస్త బూడిద, మూడు కొట్టొచ్చే రంగులు.

వాస్తవం: అలాంటివి ఎక్కువగా కనిపిస్తాయి, నిజమే. 2009లో లాస్ ఏంజెలెస్‌లో మోడరన్ క్విల్ట్ గిల్డ్ అనే సంఘం మొదలయ్యాక ఖాళీ జాగా, సాదా రంగులు, తక్కువ ముక్కలు అనే ధోరణి బాగా ప్రచారమైంది. కానీ దాని వేళ్లు చాలా పాతవి. అమెరికాలో నిరాడంబరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ వర్గపు స్త్రీలు ప్రింట్లు లేని ముదురు ఊదా, మెరూన్, నీలం ఉన్ని గుడ్డలతో పెద్ద పెద్ద చదరాలు కుట్టారు. వాటిలో తెల్ల నేల వెతికినా దొరకడం కష్టం. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత అమెరికన్ బొంతలను చిత్రాల్లాగా గోడలకు వేలాడదీసింది. ఆధునిక చిత్రకళలో కొత్తదనుకున్నదాన్ని పేరు కూడా తెలియని స్త్రీలు ఎప్పుడో కుట్టేశారని చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం కంటే గర్వం ఎక్కువ.

అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరిలోని నల్లజాతి స్త్రీల బొంతలు చూస్తే రంగుల ఎంపిక గురించి పుస్తకాలు చెప్పనిది తెలుస్తుంది. ఆ ప్రాంతపు స్త్రీలు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో ఆ సంఘానికి సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ నుంచి కార్డ్యురాయ్ (నిలువు చారలుగా నూగు ఉండే మందపాటి గుడ్డ) దిండు గలీబుల పని వచ్చింది. మిగిలిన కార్డ్యురాయ్ ముక్కలు ఇళ్లకు చేరి బొంతలయ్యాయి. కంపెనీ ఇచ్చిన ఆ కొద్ది రంగులే వాళ్ల చేతిలో ఉన్నవి. ఆ నాలుగైదు రంగులతోనే ఒకదానికొకటి పోలిక లేని బొంతలు పుట్టాయి. రంగులు చాలడం లేదని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ కార్డ్యురాయ్ బొంతలు గుర్తొస్తాయి.

కార్డ్యురాయ్‌కి మరో గుణం ఉంది. దాని నూగు ఒక దిక్కుకు వాలి ఉంటుంది. అదే ముక్కను తలకిందులు చేస్తే వెలుతురు వేరేగా తగిలి ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన నూలు గుడ్డ కూడా అడ్డంగా తిప్పితే ఛాయ మార్చుకుంటుంది. ఒకే గుడ్డ కొని రెండు రంగులు వాడుకోవచ్చు. చూసుకోకుండా కత్తిరిస్తే మాత్రం నేల మొత్తం మచ్చలు పడ్డట్టు ఉంటుంది.

అపోహ: సాదా గుడ్డలు కొత్తవాళ్లకు సులువు.

వాస్తవం: ప్రింటు గుడ్డ తప్పును దాచిపెడుతుంది. మొన దారం వాసి పక్కకు పోయినా పువ్వుల్లో కలిసిపోతుంది. సాదా గుడ్డ దేన్నీ దాచదు. పైగా తెల్ల ముక్క కింద ముదురు ముక్క మార్జిన్ మడత పడితే పైకి నీడలా కనిపిస్తుంది. అందుకే మార్జిన్‌ను ముదురు వైపుకు ఇస్త్రీ చేయాలి. కొత్తవాళ్లకు నా సలహా: దూరం నుంచి సాదాలా, దగ్గరికి వస్తే చిన్న గీతలో చుక్కలో ఉన్నట్టు కనిపించే గుడ్డలతో మొదలుపెట్టండి.

అపోహ: ఒకే కలెక్షన్ గుడ్డలు, అంటే కంపెనీ ఒక జట్టుగా అచ్చువేసి అమ్మేవి, కొంటే తప్పు జరగదు.

వాస్తవం: తప్పు జరగదు, కానీ బొంత చప్పగా ఉంటుంది. ఆ గుడ్డలన్నీ ఒకే నాలుగు రంగులతో అచ్చువేసినవి, చాలాసార్లు అన్నీ మధ్యస్థంగానే ఉంటాయి. బాగా ముదురుది ఒకటి, బాగా లేతది ఒకటి బయటినుంచి తెచ్చి కలపండి. చాలావరకు అదే మందు.

అపోహ: నూలు తప్ప ఇంకే గుడ్డా బొంతకు పనికిరాదు.

వాస్తవం: నూలు సులువు కాబట్టి మొదట నూలే మంచిది. లినెన్ అంచులు తొందరగా పీలికలు పోతాయి. గంజి పెట్టి, కుట్టు పొడవు తగ్గించి, మార్జిన్ కాస్త ఎక్కువ వదిలితే చక్కగా మాట వింటుంది. జారిపోయే పట్టుకు, రేయాన్‌కు వెనక ఇస్త్రీతో అతుక్కునే పలుచటి గుడ్డ వేస్తే నిలబడతాయి. పాలిస్టర్ ముక్క కలిస్తే ఇస్త్రీపెట్టె వేడి తగ్గించాలి, నూలుకు పెట్టే వేడికి అది ముడుచుకుంటుంది, మెరుపు పడుతుంది. ముందే ఉతకాలా వద్దా అని అడుగుతుంటారు. రెండూ సరే. ఉతికినవి, ఉతకనివి కలపడమే తప్పు. నూలు తొలి ఉతుకులో సాధారణంగా 2 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది.

అపోహ: ఉప్పు నీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలిచిపోతుంది.

వాస్తవం: దీన్ని నమ్మి నేను బాధపడ్డాను. మా అక్క మనవరాలికి ఎరుపు, తెలుపు బొంత కుట్టాను. ఎర్ర గుడ్డను రాత్రంతా ఉప్పు నీళ్లలో ఉంచి, ఇక భయం లేదనుకున్నాను. మొదటి ఉతుకులో తెల్ల ముక్కలన్నీ గులాబీ అయ్యాయి. మూడు నెలల పని.

ఇప్పుడు నూలు మీద ఎక్కువగా వేసే రియాక్టివ్ రంగులు క్షారంలో పోగుతో బంధం కట్టుకుంటాయి. వెనిగర్ ఆమ్లం, ఆ బంధానికి అది ఏమీ చేయలేదు. ఉన్నికి, పట్టుకు వేసే ఆమ్ల రంగుల అద్దకంలో దానికి పని ఉంది, అక్కడి నుంచే ఈ మాట నూలుకు పాకి ఉండాలి. ఉప్పు కూడా అద్దకం తొట్టిలో రంగును పోగు వైపుకు తోయడానికే. కారేది బంధం పడకుండా మిగిలిపోయిన రంగు. దాన్ని కడిగి పారేయడం ఒక్కటే మార్గం.

కాబట్టి కత్తిరించే ముందే పరీక్ష పెట్టండి. చిన్న ఎర్ర ముక్క, తెల్ల ముక్క కలిపి సబ్బు కలిపిన వేడినీళ్ల గ్లాసులో అరగంట ఉంచండి. నీళ్లు రంగు మారితే ఆ గుడ్డను వేడినీళ్లలో మళ్లీ మళ్లీ ఉతకాలి, నీళ్లు తేటపడేదాకా. ఇప్పటికే బొంతకు రంగు అంటుకుని ఉంటే దాన్ని ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలు వద్దు. పెద్ద తొట్టి నిండా వేడినీళ్లు పోసి, సబ్బు కలిపి, బొంత పూర్తిగా మునిగేలా గంటల తరబడి నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండండి. మా మనవరాలి బొంతను నేను రెండుసార్లు ఆరబెట్టిన తర్వాత ఈ సంగతి తెలుసుకున్నాను. అయినా మూడొంతుల గులాబీ దిగింది.

అపోహ: పాత బట్టలు బొంతకు అవమానం, కొత్త గుడ్డే కావాలి.

వాస్తవం: జీస్ బెండ్‌లోనే మిస్సూరి పెట్‌వే అనే ఆమె 1942లో చనిపోయిన భర్త పని బట్టలతో ఒక బొంత కుట్టుకుంది, ఆయన జ్ఞాపకంగా కప్పుకోవడానికి. వెలిసిపోయిన నీలాలు, మట్టి రంగులు. ఎండలో, చెమటలో, ఉతుకుల్లో ఏళ్ల తరబడి నలిగిన నీలాన్ని ఏ అద్దకంవాళ్లూ తానులో ఇవ్వలేరు. ఒకే ప్యాంటులో నడుము దగ్గర ఒక నీలం, మోకాలి దగ్గర ఒక నీలం దొరుకుతాయి.

గుడ్డను దీపానికి ఎదురుగా పట్టి చూడండి. పోగులు పలుచబడి వెలుతురు దూరుతున్న చోటు వదిలేయండి, అది రెండేళ్లలో చిరుగుతుంది. చొక్కా అయితే వీపు భాగం గట్టిగా ఉంటుంది, మెడపట్టీ మడత, మోచేతులు వద్దు. జేబును కత్తిరించకుండా కుట్టు విప్పి తీయండి. దాని కింద ఎండ తగలని ముదురు చదరం ఒకటి దాగి ఉంటుంది, చుట్టూ వెలిసిన గుడ్డతో సహా దాన్ని ఒకే ముక్కగా కత్తిరించుకోండి.