ట్యాంకుకు చోటు, కాలిసైనికుడికి చాటు
2025 అక్టోబర్ 10న బ్యాటిల్‌ఫీల్డ్ 6 అనే యుద్ధపు వీడియో గేమ్ వచ్చిన దగ్గర్నుంచి ఒంగోలు, కావలి, నెల్లూరు కుర్రాళ్ల మధ్య మ్యాప్ గురించి, అంటే ఆట జరిగే నేల గురించి ఒక వాదన నలుగుతోంది. "మ్యాప్ యాడ సరిపోద్దిరా, ట్యాంక్ తిప్పేదానికి కూడా చోటు లేదు" అని ఒకడంటాడు. "చోటిస్తే మమ్మల్ని నడవనిస్తారా మీరు" అని ఇంకొకడు ఎదురు తగులుకుంటాడు. ఈ తగువు మొదలై ఇరవై ఏళ్లు దాటింది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టే ఇంకా తెగలేదు.

మన జిల్లాల్లో చాలామందికి షూటర్ గేములు పరిచయమైంది నెట్ సెంటర్లలో. నలుగురు కలిస్తే కౌంటర్ స్ట్రైక్, ఒక్కడే కూర్చుంటే ఐజీఐ. కౌంటర్ స్ట్రైక్‌లోని డస్ట్ 2 లాంటి మ్యాప్‌లో నడిపే బండి అనేదే లేదు. అందరూ దాదాపు ఒకే వేగంతో పరిగెత్తుతారు. రెండు జట్లు ఏ తలుపు దగ్గర, ఎన్ని సెకన్లకు ఎదురుపడతాయో మ్యాప్ గీసినవాళ్లు ముందే లెక్క కట్టగలరు. అందులోకి ఒక్క జీపు వచ్చినా ఆ లెక్కంతా తారుమారే.

ఆ లెక్కను కొత్తగా వేసినవాళ్లలో స్వీడన్‌వాళ్లు ముఖ్యులు. 1999లో రిఫ్రాక్షన్ గేమ్స్ అనే చిన్న సంస్థ కోడ్‌నేమ్ ఈగిల్ అనే గేమ్ తెచ్చింది. తర్వాత ఆ సంస్థ డైస్ అనే ఇంకో స్వీడన్ సంస్థలో కలిసిపోయింది. 2002లో డైస్ నుంచి బ్యాటిల్‌ఫీల్డ్ 1942 వచ్చింది. ఒకే మ్యాప్‌లో 64 మంది, ట్యాంకులు, విమానాలు, ఓడలు. అందులో వేక్ ఐలాండ్ మ్యాప్‌ను ఇప్పటికీ చెప్పుకుంటారంటే కారణం ఉంది. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న దీవి. చుట్టూ సముద్రం, నడుమ మడుగు, నేలంతా సన్నటి పట్టీ. జపాన్ జట్టు సముద్రం మీదనుంచి వస్తుంది, అమెరికా జట్టు దీవిలో కాచుకుని ఉంటుంది. ట్యాంక్ ఎక్కినవాడు ఆ పట్టీ వెంబడే పోవాలి, పక్కకు తప్పుకునే వీలు తక్కువ. ఎటునుంచి వస్తాడో ముందే తెలుస్తుంది కాబట్టి ట్యాంకును పేల్చే బజూకా పట్టినవాడు చెట్టు చాటున కాచుకోవచ్చు. విమానం దీవినంతా చిటికెలో చుట్టేస్తుంది కానీ, ఆక్రమించాల్సిన జెండా దగ్గర నిలబడలేదు. ఎవరి బలానికి వాళ్ల హద్దును ఆ నేలే గీసింది. తుపాకీ దెబ్బ పెంచడం, తగ్గించడం అనే రిపేర్లు దీని తర్వాతే.

2005లో బ్యాటిల్‌ఫీల్డ్ 2 ఇంకో మంచి పని చేసింది. ఒకే మ్యాప్‌ను 16, 32, 64 మందికి మూడు కొలతల్లో ఇచ్చింది. జనం తగ్గితే జెండాలూ, బండ్లూ తగ్గుతాయి. స్ట్రైక్ ఎట్ కర్కాండ్‌లో ట్యాంక్ ఇరుకు వీధిలోకి దూరిందంటే పక్క సందులోంచి ఎవడో వచ్చి సీ4 అనే పేలుడు ముద్ద అంటించి పోయేవాడు. ట్యాంక్‌వాడికి ఆ టెన్షన్ ఉండాలి. అది లేని మ్యాప్‌లో కాలిసైనికుడు ఉత్త గురి బొమ్మ.

2008లో అదే సిరీస్‌లో వచ్చిన బ్యాడ్ కంపెనీతో గోడలు కూలడం మొదలైంది. 2010లో రెండో భాగం వచ్చేసరికి ఇళ్లకు ఇళ్లే నేలమట్టం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. కానీ ఆట సగానికొచ్చేసరికి దాక్కోవడానికి గోడ మిగిలేది కాదు.

అసలు దెబ్బ 2021 నవంబర్‌లో పడింది. బ్యాటిల్‌ఫీల్డ్ 2042 కొత్త కన్సోళ్లలో, పీసీలో 128 మందిని దించింది. అంతమంది కోసం మ్యాప్‌లను సాగదీశారు గానీ, సాగిన నేల మీద చాటు పెట్టలేదు. ఎండాకాలం పెన్నా ఇసుకలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడుస్తున్న మనిషి ఎంత దూరానికైనా ఎలా కనిపిస్తాడో, ఒక జెండా నుంచి ఇంకో జెండాకు పరిగెత్తేవాడి పరిస్థితీ అదే. దూరంగా నిలబడ్డ ట్యాంక్‌కు, పైన తిరిగే హెలికాప్టర్‌కు పండగ. 2022లో తప్పు దిద్దుకున్నారు. కెలైడోస్కోప్ లాంటి మ్యాప్‌లలో చాటు పెంచి, జెండాలు జరిపారు. ఒక జట్టు దాడి చేస్తే ఇంకో జట్టు కాపు కాసే బ్రేక్‌త్రూ మోడ్‌ను 64 మందికి తగ్గించారు.

ఈలోపు మన కుర్రాళ్ల చేతుల్లోకి ఫోన్ వచ్చింది. 2018లో పబ్‌జీ మొబైల్, 2020 సెప్టెంబర్‌లో నిషేధం, 2021 జూలైలో అదే గేమ్ బీజీఎంఐ పేరుతో. అందులో ఎరాంగెల్ మ్యాప్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. దిగేది వంద మంది. క్లాసిక్ మోడ్‌లో బండికి తుపాకీ ఉండదు. జోన్, అంటే అంతకంతకూ కుంచించుకుపోయే ఆట హద్దు, తరుముకొస్తుంటే పారిపోవడానికి, టైర్లు పోయాక వెనక నక్కడానికి అది పనికొస్తుంది. మిలటరీ బేస్ దీవికి వంతెనలు రెండే. జోన్ అటు పడితే వంతెన మీద యూఏజెడ్ జీపులు అడ్డంపెట్టి కాచుకునే స్క్వాడ్ (చిన్న జట్టు) ఒకటి ఉండనే ఉంటుంది. నేల ఇరుకైన చోట బండి విలువ ఎలా మారుతుందో ఆ వంతెన చూపించినంత బాగా ఇంకేదీ చూపించదు.

ఇక బ్యాటిల్‌ఫీల్డ్ 6. మళ్లీ 64 మందే. ఆగస్టులో, విడుదలకు ముందు పరీక్షకు వదిలిన బీటాలో ఇచ్చిన మ్యాప్‌లు ఎక్కువగా బిగుతుగా ఉండటంతో గొడవ మొదలైంది. బ్యాటిల్‌ఫీల్డ్ 2042తో తిన్న దెబ్బకు భయపడి చిన్న మ్యాప్‌ల వైపు మరీ ఒరిగారని నా అనుమానం. అసలు ఆటలో మిరాక్ వ్యాలీ అనే మ్యాప్ పెద్దది. 2011 నాటి ఆపరేషన్ ఫైర్‌స్టార్మ్ మ్యాప్ కూడా తిరిగొచ్చింది. మ్యాప్ చిన్నదా పెద్దదా అనే వాదనలో రెండు జెండాల మధ్య దారి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ట్యాంక్ పట్టని దారి ఒక్కటైనా ఉంటే ఎంత పెద్ద మ్యాపైనా నడవొచ్చు. ఫైర్‌స్టార్మ్‌లో చమురు కర్మాగారం లోపల అలాంటి దారులున్నాయి, బయట బయలే. ఆ బయల్లోకి దిగేటప్పుడు స్క్వాడ్‌లో ట్యాంకును రాకెట్‌తో కొట్టే ఇంజినీర్లు ఇద్దరు ఉండాలి. ఒకడి రాకెట్ తగిలాక ట్యాంక్ వెనక్కి తగ్గి రిపేర్ చేసుకోబోతుంది, రెండోవాడు ఆలోపే వెనకనుంచి కొట్టాలి.