కీలో దొరకని కోపెపాడ్ కొత్త జాతేనా? అపోహలు - వాస్తవాలు

"సార్, కీ మొత్తం తిరగేసినా. దీనికి సరిపోయే పేరే లేదు. కొత్త జాతే గదా సార్?"

తిరుపతిలో జంతుశాస్త్రం చెప్పే నా దగ్గరికి ఏడాదికి ఇద్దరు ముగ్గురు పిలకాయలు ఈ మాటతోనే వస్తారు. కీ అంటే లక్షణాలు ఒక్కొక్కటే పోల్చుకుంటూ జంతువు పేరు తేల్చుకునే పట్టిక. చేతిలో చిన్న సీసా, అందులో సీ స్క్విర్ట్‌ను (సముద్రంలో రాళ్లకు అతుక్కుని బతికే సంచి లాంటి జంతువు) కోసి తీసిన కోపెపాడ్, అంటే రొయ్యల వర్గానికి చెందిన అతి చిన్న జీవి. వాళ్ల సంబరం చూస్తే కాదనడానికి నోరు రాదు. అయినా చెప్పాలి. ఏళ్లకేళ్లు మింగేస్తున్న అపోహ ఇదే.

అపోహ: కీలో లేదంటే కొత్తదే.

వాస్తవం: కీ రాసినాయనకు తెలిసిన జంతువులే కీలో ఉంటాయి. సీ స్క్విర్ట్‌లలో బతికే నోటోడెల్ఫిస్ అనే కోపెపాడ్‌కు ఆల్మన్ అనే శాస్త్రవేత్త 1847లోనే పేరు పెట్టాడు. 1859లో థోరెల్ అనే మరో శాస్త్రవేత్త ఈ కోపెపాడ్‌ల గురించి స్వీడిష్‌లో రాశాడు. ఆ తర్వాత ఫ్రెంచిలోనూ, జర్మన్‌లోనూ బోలెడు రాతలొచ్చాయి. మన ఇంగ్లిష్ కీలో కనపడనిది వాటిలో ఎక్కడో ఉండొచ్చు. పైగా నోటోడెల్ఫిడే కుటుంబంలో ఆడది వీపు మీద గుడ్ల సంచితో ఉబ్బి ఉంటుంది, మగది సన్నగా ఈదే కోపెపాడ్‌లా ఉంటుంది. పక్కపక్కన పెట్టినా రెండూ ఒకే జాతి అనిపించదు. పిల్ల దశలు మళ్లీ వేరు.

నాకే జరిగింది. పీహెచ్‌డీ రోజుల్లో గుడ్ల సంచి లేని ఆడది దొరికితే కొత్తదనుకుని ఎనిమిది నెలలు బొమ్మలు గీశాను. పత్రికకు పంపిన నా పరిశోధనా వ్యాసం చదివిన పెద్దాయన రెండే వాక్యాలు రాశారు: ఇది ఎప్పుడో పేరు పెట్టిన జాతి, ఇంకొక్కసారి కుబుసం విడిస్తే సంచి వస్తుంది. ఆ సాయంత్రం అలిపిరి దాకా నడిచిపోయి మెట్ల దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. అందుకే ఇలాంటి కబురు విని కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లల్ని నేను కసరను.

మరి ఎలా తేల్చాలి? ఒక్క జంతువు చాలదు. పెద్ద ఆడవి కొన్ని, మగవి దొరికితే అవీ కావాలి. లాక్టిక్ ఆమ్లం చుక్కలో వేస్తే కాసేపటికి ఒళ్లు గాజులా తేటపడుతుంది. సన్నని సూదితో స్పర్శశృంగం నుంచి చివరి కాలు దాకా ఒక్కొక్కటే విడదీసి, ప్రతి ఖండం మీదా ముళ్లెన్ని, సీటాలు (సన్నని నూగు వెంట్రుకలు) ఎన్ని అని లెక్కపెట్టాలి. నాలుగో కాలు చివరి ఖండంలో ఒక ముల్లు తక్కువైతే అది జాతి తేడానా, సూది తగిలి విరిగిందా? విరిగితే అక్కడ గుంట మిగులుతుంది. రెండో కాలు, రెండో జంతువు చూడకుండా తీర్పు చెప్పొద్దు. ఆ తర్వాత దగ్గరి జాతుల మొదటి వర్ణనలు తెప్పించుకుని, వీలైతే మ్యూజియంలోని టైప్ నమూనాలతో (ఆ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచినవి) పోల్చాలి.

కొత్త అతిథేయిలో, అంటే ఇంతకుముందు చూడని సీ స్క్విర్ట్‌లో, దొరికితే కొత్త జాతి అన్నదీ ఇలాంటిదే. ఒకే కోపెపాడ్ పలు సీ స్క్విర్ట్‌లలో ఉండొచ్చు.

డీఎన్‌ఏ చేయిస్తే తేలిపోతుందంటారు. పోల్చడానికి డేటాబేస్‌లో దగ్గరి జాతుల సీక్వెన్సులే లేకపోతే "మ్యాచ్ లేదు" అన్న జవాబుకు విలువేముంది?

వార్తాపత్రికలో వార్త పడినంత మాత్రాన పేరు నిలవదు. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమాల ప్రకారం 2000 నుంచి కొత్త జాతికి టైప్ నమూనా ఏదో, అది ఎక్కడ దాచారో ప్రచురణలోనే చెప్పి తీరాలి. ఆన్‌లైన్ పత్రికైతే జూబ్యాంక్ (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరు) నమోదు కూడా తప్పనిసరి. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే వాళ్లు ఇవేవీ అడగరు, వాళ్ల జోలికి పోవద్దు.

"తిరుపతికి సముద్రం ఎక్కడిది?" అనేవాళ్లకు: 2022 ఏప్రిల్ నుంచి పులికాట్ తీరం మన జిల్లాలోదే.

ఇక భయపడే తల్లులకు ఒక మాట. ఈ కోపెపాడ్‌లను పరాన్నజీవులంటారని విని ఇంట్లో చేపలు మానేశామని ఒకామె ఫోన్ చేసింది. అమ్మా, ఇవి సీ స్క్విర్ట్ నీళ్లు వడకట్టుకునే జల్లెడ లాంటి సంచిలో బతికే జీవులు, మనుషుల ఒంట్లో కాపురం పెట్టవు. నారికురుపు మోసింది సైక్లాప్స్ అనే మంచినీటి కోపెపాడ్. ఆ జబ్బు మన దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే ధ్రువీకరించింది. నిశ్చింతగా కూర వండుకోండి.

సీసా తెచ్చే పిలకాయలకు: ఫార్మలిన్‌లో వేయకండి, డీఎన్‌ఏ పాడవుతుంది. 95 శాతం ఇథనాల్‌లో వేయండి. సీ స్క్విర్ట్‌ను పారేయొద్దు, దాన్నీ వేరే సీసాలో తెండి. తేదీ, చోటు, లోతు చీటీ మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే పెట్టండి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది.