సైకిల్‌ని కారు గుద్దితే తప్పు ఎవరు నిరూపించాలి? రెండు వందల ఏళ్ల తగువు

కారు గుద్ది సైక్లిస్టు కాలు విరిగిందనుకోండి. ఆస్పత్రి బిల్లులు, పోయిన జీతం, తుక్కయిపోయిన సైకిల్, అన్నీ లెక్కేసి క్లెయిమ్ పెడితే కొన్నాళ్లకి అవతలి బీమా కంపెనీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. మా డ్రైవర్ తప్పేమీ లేదు, ఒకవేళ ఉందనుకున్నా అందులో మీ వాటా 40 శాతం, మీ సైకిల్‌కి లైటు లేదు, మీ తలకి హెల్మెట్ లేదు, మీరు రోడ్డు అంచుకి ఇంకాస్త జరిగి ఉండాల్సింది. చదివినవాళ్లకి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. అయితే ఆ గుమాస్తా సొంత తెలివితో రాసిన మాటలు కావవి. కొన్నిటి వెనక కారు పుట్టక ముందు నుంచీ నడుస్తున్న తీర్పులున్నాయి. తమాషా ఏంటంటే ఇదే ఉత్తరం ఒక దేశంలో చక్కగా పనిచేస్తుంది, సరిహద్దు దాటితే చెత్తబుట్టలోకి పోతుంది.

మొదలు 1809లో ఉంది. ఇంగ్లండ్‌లోని డెర్బీలో ఫారెస్టర్ అనే ఆయన ఇల్లు బాగుచేయించుకుంటూ రోడ్డు మీదకి అడ్డంగా ఒక వాసం పెట్టాడు. పక్కనుంచి వెళ్లడానికి దారి ఉంది. రాత్రి ఎనిమిదింటికి, ఇళ్లలో కొవ్వొత్తులు వెలిగించే వేళకి, దగ్గర్లోని మద్యం దుకాణం నుంచి బయల్దేరిన బటర్‌ఫీల్డ్ గుర్రాన్ని దౌడు తీయించి వాసానికి తగిలి కిందపడ్డాడు. వంద గజాల దూరం నుంచే వాసం కనబడేంత వెలుతురుందని సాక్షి చెప్పాడు. కోర్టు ఏమందంటే, అడ్డం పెట్టినవాడిది తప్పే, కానీ పడ్డవాడు జాగ్రత్తగా ఉంటే పడేవాడు కాదు, కాబట్టి పైసా కూడా రాదు. సగం తగ్గించడం, పావు తగ్గించడం లాంటివేమీ లేవు. బాధితుడిలో రవ్వంత తప్పు దొరికితే చాలు, మొత్తం సున్నా.

ఈ సూత్రం ఎంత కరుకుగా ఉందో జడ్జీలకీ తెలుసు. 1842లో కాళ్లకి బంధం వేసి రోడ్డు పక్కన మేతకి వదిలిన గాడిదని ఒక బండి తొక్కేసిన కేసు వచ్చింది. గాడిదని అలా వదలడం యజమాని తప్పే కావచ్చు, అయినా చివరి క్షణంలో ప్రమాదం తప్పించగల అవకాశం బండివాడికే ఉంది కాబట్టి బండివాడే కట్టాలన్నారు. అలా ఒక చిన్న సందు తెరుచుకుంది. మనుషుల కేసులు ఆ సందులోంచి దూరడానికి ఆ తర్వాత వంద ఏళ్లు తిప్పలు పడ్డాయి.

అసలు ముడి మాత్రం 1875 నాటి ఇంకో కేసులో పడిందని నాకనిపిస్తుంది. కుక్క మొరిగితే బెదిరిన గుర్రాలు బండి లాక్కుని పరిగెత్తి రోడ్డు మీద ఒకావిడని గాయపరిచాయి. తోలేవాడు ఆపడానికి చేయగలిగిందంతా చేశాడు. జడ్జి చెప్పిన మాటల సారాంశం ఇది: లోకంలో పనులు సాగాలంటే, రోడ్డెక్కినవాళ్లు అవతలివాడు తగిన జాగ్రత్త తీసుకున్నా తప్పని ప్రమాదాలని భరించాల్సిందే. గుర్రబ్బండ్ల కాలానికి ఇది మరీ అన్యాయమేమీ కాదు. రోడ్డు మీద ఉన్నవాళ్లంతా ఇంచుమించు ఒకే వేగంతో, ఒకే బరువుతో తిరిగేవాళ్లు, ఇవాళ గుద్దినవాడు రేపు గుద్దించుకునేవాడు. ఆ లెక్క తప్పే రోజు వస్తుందని అప్పుడెవరికీ తట్టలేదు.

ఈలోపు సైకిల్ వచ్చింది. అది బండా, ఆటవస్తువా అన్న ప్రశ్నకి 1879లో ఇంగ్లండ్ కోర్టు జవాబిచ్చింది, అదీ సైక్లిస్టుని శిక్షించే సందర్భంలోనే. బండిని ప్రమాదకరమైన వేగంతో తోలకూడదన్న పాత చట్టం సైకిల్‌కీ వర్తిస్తుందని తేల్చారు. 1888లో చట్టమే సైకిళ్లని బండ్ల జాబితాలో చేర్చింది. దాంతో సైక్లిస్టుకి రోడ్డు మీద హక్కూ వచ్చింది, బండివాడి బాధ్యతా వచ్చింది. కాకపోతే బండికున్న రేకు మాత్రం రాలేదు.

1896 మే 30న న్యూయార్క్‌లో డ్యూరియా కంపెనీ కారు ఒకటి సైకిల్ మీద వెళ్తున్న ఎవిలిన్ థామస్‌ని గుద్దింది. ఆమె కాలు విరిగింది, డ్రైవర్ హెన్రీ వెల్స్‌ని అరెస్టు చేశారు. అమెరికాలో కారు ప్రమాదమంటూ నమోదైన తొలి ఘటనల్లో ఇదొకటని చెబుతారు, అంటే కారు దాదాపు మొదట్లోనే సైకిల్‌ని వెతుక్కుంది. అదే ఏడాది ఆగస్టు 17న లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర నడిచి వెళ్తున్న బ్రిడ్జెట్ డ్రిస్కాల్ కారు కింద పడి చనిపోయింది. విచారణలో అది ప్రమాదవశాత్తు జరిగిన మరణమని తేల్చారు. ఇలాంటిది మళ్లీ జరగకూడదని విచారణాధికారి ఆశించాడట.

ఇక్కడే దారులు చీలాయి. కారు అంటే ఏంటి? గుర్రంలేని గుర్రబ్బండా, పట్టాల్లేని రైలా? వినడానికి పిల్లల పొడుపుకథలా ఉన్నా, ఇవాళ్టికీ సైక్లిస్టు చేతికొచ్చే డబ్బుని ఈ ప్రశ్నే నిర్ణయిస్తోంది.

ఇంగ్లండ్, అమెరికా గుర్రబ్బండి అనుకున్నాయి. 1907లో అమెరికాలోని జార్జియాలో ఒక లాయరు కారుని క్రూరమృగంతో సమానంగా చూడాలని వాదించాడు, అంటే పులిని పెంచేవాడిలాగే కారు యజమాని కూడా ఏం జరిగినా పూచీపడాలని. కోర్టు ఒప్పుకోలేదు. పైగా ఈ యంత్రాలు క్రూరత్వం మాట దేవుడెరుగు, ఒక్కోసారి ఎంత తిప్పలు పడ్డా కదలనే కదలవని చమత్కరించింది. 1909లో ఇంగ్లండ్ కోర్టు కూడా జారిపోయిన బస్సు కేసులో ఇంచుమించు ఇదే దారి పట్టింది: బస్సుని రోడ్డు మీదకి తేవడమే తప్పు కాదు, నడిపినవాడి నిర్లక్ష్యాన్ని చూపించండి. చూపించాల్సింది ఎవరు? గాయపడ్డవాళ్లే.

జర్మనీ రైలు అనుకుంది. అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యాలో 1838 నాటికే, రైలు వల్ల నష్టం జరిగితే కంపెనీ తప్పుందో లేదో చూడకుండా కంపెనీయే కట్టాలన్న చట్టముంది. అదే తర్కాన్ని 1909 మే నెలలో కారుకి తెచ్చారు. కారుని రోడ్డు మీద నడపడంలోనే ప్రమాదముంది, దాని వల్ల లాభపడేది యజమాని, కాబట్టి కట్టాల్సింది కూడా అతనే. తప్పించుకోవాలంటే ఎంత జాగ్రత్తగా ఉన్నా నివారించలేని ఘటన అని అతనే నిరూపించుకోవాలి. 2002 నుంచి ఆ సందు కూడా బాగా ఇరుకైంది, ప్రకృతి వైపరీత్యం లాంటిదైతే తప్ప సైక్లిస్టు ముందు ఆ సాకు నడవదు. పదేళ్లలోపు పిల్లల తప్పుని మోటారు ప్రమాదాల్లో మామూలుగా లెక్కలోకే తీసుకోరు. ఒకే ఏడాది, 1909, ఒకే యంత్రం, రెండు దేశాల్లో రెండు సమాధానాలు.

నిరూపించే భారం ఎవరి మీదుంటే ఏంటి, కోర్టులో నిజం ఎలాగూ తేలుతుంది కదా అనేవాళ్లుంటారు. వాళ్లు ప్రమాదం జరిగిన తర్వాతి పది నిమిషాలు ఒకసారి ఊహించుకోవాలి. సైక్లిస్టు స్పృహలో లేడు, లేదా అంబులెన్సులో ఉన్నాడు. తలకి దెబ్బ తగిలితే గుద్దక ముందు క్షణాలు గుర్తుండకపోవడం మామూలు. పోలీసులకి కథ చెప్పేది డ్రైవర్ ఒక్కడే, అదే రిపోర్టులోకి ఎక్కుతుంది. సాక్షి ఎవరూ లేక, కెమెరా ఏదీ లేక, రెండు వైపులా సమానంగా తూగితే, భారం మోసేవాడు ఓడిపోతాడు. చాలా కేసుల్లో నిజం తేలదు, తేలనప్పుడు ఎవరు నష్టపోవాలన్నదే చట్టం తీర్చే ప్రశ్న.

గుర్రబ్బండి దేశాలు చేసిన మేలు వేరే చోట ఉంది. కేసు గెలిచినా డ్రైవర్ దగ్గర డబ్బు లేకపోతే తీర్పు కాగితం నాకేసుకోవాల్సిందే కదా. 1927 నుంచి మసాచుసెట్స్‌లో, 1930 నాటి చట్టంతో బ్రిటన్‌లో థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది. బీమా లేని డ్రైవర్లు గుద్దినప్పుడు కట్టడానికి 1946లో బ్రిటన్ బీమా కంపెనీలన్నీ కలిసి ఒక సంస్థ పెట్టుకున్నాయి. గుద్ది పారిపోయినవాళ్ల కేసులకి 1969లో ఇంకో ఒప్పందం వచ్చింది. దీంతో డబ్బు టెన్షన్ తగ్గింది, కానీ ఎదురుగా నిలబడేది ఇప్పుడు తోటి మనిషి కాదు, వేల క్లెయిములు చూసి చెయ్యి తిరిగిన కంపెనీ.

బాధితుడి తప్పు రవ్వంతున్నా మొత్తం పోతుందన్న 1809 సూత్రం బ్రిటన్‌లో 1945 దాకా బతికింది. ఓడలు ఢీకొన్నప్పుడు ఎవరి తప్పు ఎంతో చూసి నష్టం పంచడం అక్కడ 1911లోనే మొదలైంది, మనుషులకి ఆ భాగ్యం 34 ఏళ్ల తర్వాత దక్కింది! ఉత్తరంలో కనిపించే "మీ వాటా 40 శాతం" అన్న మాట పుట్టింది ఆ 1945 చట్టంలోనే. విసుగు తెప్పించే మాటే, అయినా అంతకు ముందున్న సున్నాతో పోలిస్తే అది కూడా ఒక గెలుపే. అమెరికాలో అలబామా, మేరీల్యాండ్, నార్త్ కరొలైనా, వర్జీనియాలు ఇప్పటికీ పాత సున్నాని వదల్లేదు. రాజధాని వాషింగ్టన్ మాత్రం 2016లో నడిచేవాళ్లకీ సైక్లిస్టులకీ దాన్ని సడలించింది. తప్పు సగానికి మించితేనే పరిహారం పోతుంది.

ఫ్రాన్స్ కథ ఇంకా మెలికలు తిరిగింది. 1925లో బెల్‌ఫోర్ట్‌లో లారీ గుద్దిన ఒక చిన్నపిల్ల కేసు చివరికి 1930 ఫిబ్రవరిలో అత్యున్నత న్యాయస్థానం పూర్తి బెంచి ముందుకెళ్లింది. వస్తువు తన అధీనంలో ఉన్నవాడే దాని వల్ల జరిగిన హానికి బాధ్యుడని, తప్పు చూపించాల్సిన పని లేదని అక్కడ తేల్చారు. అయినా బీమా కంపెనీలు బాధితుడి తప్పు వెతికి కోత పెట్టడం మానలేదు. విసిగిపోయిన కోర్టు 1982లో, ముందే ఊహించలేని ప్రవర్తన అయితే తప్ప బాధితుడి తప్పుకి కోతే ఉండదని గట్టిగా చెప్పింది, ప్రభుత్వం కదలాలనే అలా చెప్పిందని చాలామంది అంటారు. ప్రభుత్వం కదిలింది. న్యాయమంత్రి రోబేర్ బదాంతేర్ పేరుతో పిలిచే 1985 జులై 5 చట్టం వచ్చింది. మోటారు బండి నడపని బాధితులకి, అంటే నడిచేవాళ్లకీ సైక్లిస్టులకీ, ఒంటి గాయాల విషయంలో వాళ్ల తప్పుని ఎత్తి చూపడానికి వీల్లేదు. క్షమించరాని తప్పు అయి, ప్రమాదానికి అదొక్కటే కారణమైతే తప్ప. పదహారేళ్లలోపు, డెబ్భై దాటినవాళ్లకి ఆ మినహాయింపు కూడా లేదు, కావాలని ఎదురెళ్లి పడితే తప్ప పరిహారం వస్తుంది.

నెదర్లాండ్స్ గురించి మాత్రం ఒక అపోహ బాగా తిరుగుతుంది, అక్కడ సైక్లిస్టు ఏం చేసినా రైటేనని. అలా ఏం లేదు. అక్కడి చట్టం డబ్బు గురించే మాట్లాడుతుంది, డ్రైవర్‌ని నేరస్తుడని అనదు. 1990ల మొదట్లో అక్కడి సుప్రీంకోర్టు గీసిన గీత ఇది: పద్నాలుగేళ్లలోపు పిల్లలకి పూర్తి పరిహారం, ఆపైవాళ్లకి సొంత తప్పున్నా మామూలుగా కనీసం సగం. అక్కడ సైకిళ్లు ఎక్కువ ఉండటానికి కారణం ఈ చట్టమేనని కొందరు రాస్తుంటారు, నేనైతే నమ్మను, 1970ల ఉద్యమాలూ వాటి తర్వాత వేసిన సైకిల్ దారులూ చేసిన పని అది.

న్యూజిలాండ్ అసలు తగువే ఎత్తేసింది. 1974 ఏప్రిల్ 1 నుంచి ఏ ప్రమాదంలో గాయపడినా ప్రభుత్వ నిధి ఇస్తుంది, బదులుగా గాయాలకి పరిహారం కోసం దావా వేసే హక్కు పోయింది. బ్రిటన్‌లో 1978లో పియర్సన్ కమిషన్ పెట్రోలు మీద గ్యాలన్‌కి ఒక పెన్నీ పన్ను వేసి రోడ్డు గాయాలకి తప్పుతో పనిలేకుండా ఇద్దామని సిఫార్సు చేస్తే అది అటకెక్కింది. భారత్‌లో 1977లో సుప్రీంకోర్టు నిర్లక్ష్యం నిరూపించాల్సిందేనంది, 1982 సవరణతో మరణానికీ శాశ్వత వైకల్యానికీ తప్పుతో పనిలేని చిన్న స్థిర మొత్తం వచ్చింది. అప్పట్లో అంతకు మించి కావాలంటే మళ్లీ పాత దారే.

ఇక హెల్మెట్. 2009లో ఇంగ్లండ్‌లో ఒక జడ్జి, హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా పెట్టుకోకపోవడాన్ని బాధితుడి తప్పు కింద లెక్కించవచ్చన్నాడు. కాకపోతే ఆ కేసులో హెల్మెట్ ఉంటే గాయం తగ్గేదని కారు పక్షం నిరూపించలేకపోయింది కాబట్టి కోత పడలేదు. బీమా కంపెనీల ఉత్తరాల్లో మొదటి సగమే కనిపిస్తుంది, రెండో సగం కనిపించదు. జర్మనీలో, 2011లో ఆగి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుని సైకిల్ మీద వెళ్తున్న ఒకావిడ పడి తలకి గాయమైతే, కింది కోర్టు హెల్మెట్ లేదని 20 శాతం కోసింది. 2014 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆ కోతని కొట్టేసింది: అప్పటికి మామూలు జనం హెల్మెట్‌ని అంత అవసరమని అనుకోలేదు, కాబట్టి లేకపోవడం తప్పు కాదు. ఆ "అప్పటికి" అన్న మాటలో ఉంది కిటుకంతా. అందరూ పెట్టుకోవడం మొదలెడితే కోత మళ్లీ తలుపు తట్టొచ్చు.

బ్రిటన్‌లో ఇప్పుడు ఒక వింత పరిస్థితి ఉంది. 2018లో చేసిన చట్టం ప్రకారం తనంతట తాను నడుచుకునే కారు ప్రమాదం చేస్తే, ఎవరి నిర్లక్ష్యమో అడగకుండా బీమా కంపెనీ ముందు బాధితుడికి కట్టాలి, తర్వాత తయారీదారుతో తేల్చుకోవాలి. అదే కారుని మనిషి నడుపుతుంటే మాత్రం సైక్లిస్టే అన్నీ నిరూపించుకోవాలి. ఆ కొత్త చట్టంలో కూడా బాధితుడి వాటా కోసే 1945 నాటి నియమాన్ని మాత్రం భద్రంగా ఉంచారు.