రొయ్యల ఎగుమతికి కొత్త మార్కెట్లు: అపోహలు – వాస్తవాలు

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, భీమవరం పరిసరాల్లో ఏ చెరువు గట్టున నిలబడినా "ఇంకో దేశానికి పంపకూడదా?" అనే అడిగారు. ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యత చూసే మనిషిగా దీనికి వివరంగా జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అపోహ: అమెరికాను వదిలేసినా ఫరవాలేదు.
వాస్తవం: 2023-24లో దేశం ఎగుమతి చేసిన 7,16,004 టన్నుల గడ్డకట్టించిన రొయ్యల్లో 2,97,571 టన్నులు అక్కడికే వెళ్లాయి. ఒకటి రెండు సీజన్లలో పూడే లోటు కాదది.

అపోహ: అమెరికాకు సిద్ధం చేసిన సరుకునే చైనాకు మళ్లించవచ్చు.
వాస్తవం: అమెరికా ఎక్కువగా అడిగేది తల తీసి, తొక్క ఒలిచి, వీపు మీది నల్లటి నరం లాగేసిన రొయ్యను, చైనా కొనేది చాలావరకు తలతో, తొక్కతో ఉన్నదాన్ని. రొయ్య చనిపోగానే ముందు పాడయ్యేది తలలోని జీర్ణగ్రంథి కాబట్టి, పట్టుబడి జరిగిన గట్టు మీదే ఐసు నీళ్లలో ముంచి చల్లబరచకపోతే, ప్లాంటుకు చేరేసరికి తల వదులై, నల్లబడి, ఆ సరుకు తలతో అమ్మడానికి పనికిరాకుండా పోతుంది. పైగా తలతో పంపే ప్రతి టన్నూ ఒలుపు బల్లల దగ్గర పనిచేసే ఆడవాళ్ల కూలిని తగ్గిస్తుంది. మార్కెట్ల లెక్కలు వేసేవారు ఈ సంగతిని తలచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: ఐరోపాలో సుంకం తక్కువ, కాబట్టి దారి తేలిక.
వాస్తవం: అక్కడ అసలు గడప మందుల అవశేషాల పరీక్ష. 2016లో మన సాగు రొయ్యల కన్సైన్‌మెంట్ల నుంచి నమూనాలు తీసే నిష్పత్తిని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. 2025 సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య మన యూనిట్లు మరో 102కు అనుమతి ఇవ్వడం నిజంగా మంచి కబురే. అయితే అనుమతి ప్లాంటుకు వస్తుంది, నైట్రోఫ్యూరాన్లు అనే నిషేధిత యాంటీబయాటిక్ మందుల అవశేషం మాత్రం చెరువు నుంచి వస్తుంది. అందుకే లేబులు లేని మందు డబ్బా కనిపించిన చెరువు సరుకును నేను ఐరోపా లాటులో కలపనివ్వను.

అపోహ: దేశాల సంఖ్య పెరిగితే వైవిధ్యం వచ్చినట్టే.
వాస్తవం: 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాక టైగర్ రొయ్య బాగా వెనకబడి, మన చెరువులు చాలావరకు ఒకే జాతి మీద ఆధారపడ్డాయి. తెల్లమచ్చ వైరస్ ఊరంతా పాకితే మూడు మార్కెట్ల ఆర్డర్లూ ఒకే వారంలో ఆగిపోతాయి కనుక, కొన్ని చెరువులైనా పండుగప్ప చేపకు కేటాయించమని మాకు సరుకు ఇచ్చే రైతులను అడుగుతున్నాను.