థైమస్‌లో ఇన్సులిన్‌కి ఏం పని?

పిల్లవాడికి టైప్ 1 షుగర్ వచ్చిందని తెలియగానే చుట్టాలు తల్లిని అడిగేది ఒకటే: "స్వీట్లు బాగా పెట్టేదానివా?" చాలా అన్యాయమైన ప్రశ్న అది. ఈ జబ్బు మిఠాయిల వల్ల రాదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను ఆ బిడ్డ సొంత టి కణాలే, అంటే రోగాలతో పోరాడాల్సిన రక్షక కణాలే, శత్రువులనుకుని చంపేస్తాయి.

మరి మిగతావాళ్లలో ఎందుకు చంపవు? అసలు ఆశ్చర్యపోవాల్సింది దీనికే.

టి కణాలకు మూలం ఎముక మజ్జ. పెరిగేది మాత్రం రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో. ఒక్కో కణం కొన్ని జన్యు ముక్కలను ఎలా పడితే అలా అతికించుకుని శత్రువును గుర్తుపట్టే తన గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. అందుకే ఇంతవరకూ ఎదురుపడని వైరస్‌ని కూడా గుర్తుపట్టగల కణం మనలో ఎక్కడో ఉంటుంది. మన ఒంటి మీదికే తిరగబడే కణాలూ అలాగే పుడతాయి. పనికిరానివాటినీ ప్రమాదకరమైనవాటినీ థైమస్ ఏరేస్తుంది. నూటికి 95కి పైగా అక్కడే చచ్చిపోతాయి.

చిక్కేమిటంటే, ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో. ఛాతీలో ఉన్న థైమస్ దాన్ని టి కణాలకు ఎలా చూపించి పరీక్షిస్తుంది?

దీనికి దారి చూపింది ఒక అరుదైన వంశపారంపర్య జబ్బు. ఫిన్లాండ్, సార్డీనియా ప్రజల్లో, ఇరాన్ మూలాలున్న యూదుల్లో అది కాస్త ఎక్కువ. పారాథైరాయిడ్, అడ్రినల్ వంటి గ్రంథులు అందులో దెబ్బతింటూ పోతాయి. కారణమైన 'ఎయిర్' జన్యువు 1997లో దొరికింది. బోస్టన్‌లోని జాస్లిన్ డయాబెటిస్ సెంటర్‌లో, డయాన్ మాథిస్, క్రిస్టోఫ్ బెన్వాల ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా ఉన్న మార్క్ ఆండర్సన్, సహచరులతో కలిసి ఆ జన్యువు లేని ఎలుకలను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. మామూలు ఎలుకల థైమస్‌లో కొన్ని కణాలు ఇన్సులిన్‌తో సహా రకరకాల అవయవాల ప్రొటీన్లను కొద్దికొద్దిగా తయారుచేస్తాయి. ఎయిర్ లేని ఎలుకల్లో వాటిలో చాలావాటికి సంబంధించిన జన్యువులు మూగబోయాయి. టి కణాలు ఆ ఎలుకల సొంత అవయవాల్లోకే చొరబడ్డాయి.

మనుషుల్లోనూ దీనికి సాక్ష్యం ఉంది. ఇన్సులిన్ జన్యువు పక్కన ఉండే ఒక భాగం అందరిలో ఒకేలా ఉండదు. ఒక రకం ఉన్నవారి థైమస్‌లో ఇన్సులిన్ రెండు మూడు రెట్లు ఎక్కువగా తయారవుతుంది. వాళ్లకు టైప్ 1 వచ్చే అవకాశం తక్కువ. నన్ను బాగా కదిలించిన విషయం ఇది. జీవితాంతపు రక్షణలో కొంత, క్లోమానికి దూరంగా, థైమస్‌లో తయారైన ఆ కాస్త ఇన్సులిన్ మీద ఆధారపడి ఉంది.

ఏరివేతను తప్పించుకున్న కణాలను అదుపులో ఉంచే నియంత్రక టి కణాలు వేరే ఉన్నాయి. వాటి మీద పరిశోధనకే సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు 2025 నోబెల్ వచ్చింది.

2022లో అమెరికా ఆమోదించిన టెప్లిజుమాబ్ అనే మందు టి కణాల దూకుడు తగ్గించి, టైప్ 1ని సగటున సుమారు రెండేళ్లు వాయిదా వేస్తుంది. కానీ జబ్బు బయటపడకముందే రక్తపరీక్షతో ఆటోయాంటీబాడీలను (సొంత ఒంటి మీదికే తిరగబడే యాంటీబాడీలను) పట్టుకుంటేనే అది ఉపయోగం. టైప్ 1 ఉన్న పిల్లల తోబుట్టువులకైనా ఆ పరీక్ష మన ఊళ్లలో మామూలుగా దొరకాలని నా కోరిక.