సైలెన్సర్ కన్నా ముందు బ్రేక్ ఆయిల్: బండి గురించి, ట్రాక్ గురించి అపోహలు - వాస్తవాలు

నాది బండ్లు విప్పి బిగించే పని. హైదరాబాద్‌లో గ్యారేజీ. రోజూ ఆఫీసుకి తిరిగే బండ్లు వస్తాయి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసింగ్ ట్రాక్‌కి వెళ్లే కుర్రాళ్ల బండ్లూ వస్తాయి. డబ్బు దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే దారి. సైలెన్సర్, వెడల్పు టైరు, స్టిక్కర్లు, ఇలా కంటికి కనిపించే వాటికే పెడతారు. బండిని ఆపేవాటి గురించి, రోడ్డుని పట్టుకుని ఉండేవాటి గురించి అడిగేవాళ్లు తక్కువ. కింద రాసినవన్నీ నా దగ్గరికి వచ్చేవాళ్లు గట్టి నమ్మకంతో చెప్పే మాటలే.

అపోహ: ముందు బ్రేకు పట్టుకుంటే బండి పల్టీ కొడుతుంది

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే, అందుకే మొదట దీని సంగతి. సర్వీసింగుకి వచ్చిన బండి చక్రాలు విప్పితే చాలాసార్లు కనిపించేది ఒకటే: ముందు డిస్క్ ప్యాడ్లు కొత్తవాటిలా ఉంటాయి, వెనక లైనర్లు ఇనుము దాకా అరిగిపోయి ఉంటాయి. ఆ మనిషి ముందు బ్రేకు ముట్టుకోవట్లేదని అక్కడే తెలిసిపోతుంది. అడిగితే "చిన్నప్పుడు బండి నేర్పిన మామయ్య చెప్పాడన్నా, ముందు బ్రేకు జోలికి పోవద్దని" అంటారు.

బ్రేకు వేయగానే బరువు ముందుకి వాలుతుంది. ముందు టైరు రోడ్డుకి గట్టిగా అదుముకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. తేలికైన టైరుకి పట్టుండదు కాబట్టి వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం బిగుసుకుపోయి జర్రున జారుతుంది, బండి మాత్రం ముందుకి పోతూనే ఉంటుంది. గంటకి 60 కి.మీ. వేగంలో, పొడి తారు రోడ్డు మీద, మంచి టైర్లున్న బండి రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే 20 మీటర్లకి అటూ ఇటూగా ఆగుతుంది. వెనక బ్రేకు ఒక్కటే అయితే దానికి దాదాపు రెట్టింపు దూరం కావాలి. ఎదురుగా ఆటో అడ్డం తిరిగినప్పుడు ఆ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

మరి జనం పడేది ఎందుకు? ముందు బ్రేకుని ఒక్కసారిగా గుంజడం వల్ల, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు పట్టడం వల్ల, ఇసుక మీద పట్టడం వల్ల. బరువు ముందుకి రాకముందే లివర్ గుంజితే టైరుకి ఇంకా పట్టు దొరకదు, చక్రం లాక్ అవుతుంది. మొదట మెల్లగా ఒత్తాలి, ముందు షాకబ్జర్లు కిందికి దిగినట్టు చేతికి తెలిశాక ఒత్తిడి పెంచాలి. ఆదివారం పొద్దున ఖాళీ గ్రౌండులో, హెల్మెట్ పెట్టుకుని, 30 కి.మీ. వేగంతో మొదలుపెట్టి దీన్ని సాధన చేయండి. ఇది చేతికి అలవాటు కావాలి. ఆపదలో ఆలోచించి వేసే బ్రేకంటూ ఉండదు.

ఏబీఎస్ ఉంది కదా అంటారు. 125 సీసీ దాటిన బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరైంది, మంచి పనే జరిగింది. కానీ చాలా బండ్లకి ముందు చక్రానికే ఉంటుంది. పైగా ఏబీఎస్ చక్రం లాక్ అవకుండా చూస్తుందే గానీ లేని పట్టుని పుట్టించలేదు. కంకర మీద, వదులు మట్టి మీద ఆగే దూరం పెరగొచ్చు కూడా. బండి బాగా వాలి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్ పూర్తిగా కాపాడుతుందనుకోవద్దు.

అపోహ: ఎండాకాలంలో టైర్లలో గాలి తక్కువ పెట్టించుకోవాలి, లేకపోతే పేలిపోతాయి

ఏప్రిల్ రాగానే ప్రతి పంక్చర్ షాపులోనూ వినిపించే మాట. నిజం దీనికి పూర్తిగా ఎదురు. గాలి తక్కువైతే టైరు పక్కగోడలు ఎక్కువగా వంగుతాయి. వంగిన ప్రతిసారీ రబ్బరు వేడెక్కుతుంది. రామగుండం ఎండలో, ఇద్దరు ఎక్కి, హైవే మీద గంటసేపు పోతే ఆ వేడికే టైరు లోపలి పొరలు విడిపోతాయి. పేలేది గాలి తక్కువున్న టైరే.

బండి మీద స్టిక్కర్‌లో, మాన్యువల్‌లో రాసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క. నడిచాక గాలి పెరుగుతుందని కంపెనీకి తెలుసు, తెలిసే ఆ అంకె ఇచ్చింది. చల్లగా 29 పీఎస్ఐ ఉన్న టైరులో గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కితే ఒత్తిడి 33 దాకా వస్తుంది. అది చూసి గాలి తీసేయకండి. పొద్దున బండి తీయకముందే చూసుకోండి. చిన్న గేజ్ ఒకటి కొని డిక్కీలో పెట్టుకుంటే ఇంకా మంచిది, బంకుల్లో గేజ్‌లన్నీ ఒకే అంకె చూపించవు.

నైట్రోజన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. వేడికి రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి. తేమ లేకపోవడం నైట్రోజన్‌తో చిన్న లాభం. డబ్బులిచ్చి కొట్టించుకుంటే నష్టమేమీ లేదు, కానీ నైట్రోజన్ ఉందన్న ధీమాతో నెలల తరబడి గాలి చూసుకోకపోతే మాత్రం నష్టమే.

"మరి ట్రాక్ మీద గాలి తగ్గిస్తారు కదన్నా?" అని అడుగుతారు. తగ్గిస్తారు, దానికి లెక్క వేరు. ట్రాక్ మీద టైరు రోడ్డు మీదకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది, ఒత్తిడి ఎక్కువ పెరుగుతుంది. ఆ పెరిగిన తర్వాతి అంకె సరిగ్గా ఉండాలని మొదట్లో కొంచెం తక్కువతో మొదలుపెడతారు. సెషన్ (ట్రాక్ మీద ఒక విడత) అవ్వగానే పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి) వచ్చి వేడి మీదే గేజ్ పెట్టి చూస్తారు. మీ టైరు కంపెనీ ట్రాక్‌కి ఎంత చెప్పిందో కనుక్కుని అది పాటించండి. పక్కవాడు వేరే బండి మీద వేరే టైరుకి పెట్టుకున్న అంకె మీకు పనికిరాదు.

అపోహ: వెడల్పు టైరేస్తే పట్టు పెరుగుతుంది

రిమ్ వెడల్పు మారకుండా టైరు మాత్రం వెడల్పుది వేస్తే రిమ్ దాన్ని రెండు పక్కలా నొక్కేస్తుంది. టైరు గుండ్రదనం మారిపోతుంది, బండి మలుపులోకి బరువుగా దిగుతుంది. చెయిన్‌కో మడ్‌గార్డుకో రాసుకోవడం అదనం. ఆ డబ్బుతో కంపెనీ చెప్పిన సైజులోనే మంచి రబ్బరు కొనుక్కోండి. కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి: 2624 అని ఉంటే 2024లో 26వ వారంలో తయారైందని. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. కొత్త టైరుని మొదటి 100 కి.మీ. నెమ్మదిగా నడపండి, పైపొర అరిగితే గానీ అసలు పట్టు రాదు.

అపోహ: చెయిన్ బిగుతుగా ఉంటే పికప్ బాగుంటుంది

స్టాండు మీద బిగుతుగా కనిపించే చెయిన్, మీరు ఎక్కి కూర్చుని గతుకులో పడ్డప్పుడు ఇంకా బిగుసుకుంటుంది. ముందు స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం), స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) ఇరుసు, వెనక యాక్సిల్ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చెయిన్‌కి ఎక్కువ పొడవు కావాలి. ఆ వదులు మీరు ఇవ్వకపోతే భారమంతా గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగ్ మీద పడుతుంది. చాలా బండ్లకి 20 నుంచి 30 మి.మీ. ఆట (పైకీ కిందికీ కదిలే వదులు) ఉండాలి, మీ బండికి ఎంతో స్వింగ్‌ఆర్మ్ మీది స్టిక్కర్ చెబుతుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, ఒక్కోచోట ఒక్కోలా అరిగి ఉంటుంది. అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట కొలవాలి.

కడగడానికి పెట్రోలు వద్దు, లింకుల మధ్య ఉండే రబ్బరు రింగుల్ని తినేస్తుంది. కిరోసిన్ గానీ చెయిన్ క్లీనర్ గానీ చాలు. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ పోయడం కూడా మానండి, అందులో ఇనుప రజను ఉంటుంది.

ఒక్కమాట, దండం పెట్టి చెబుతున్నా: ఇంజిన్ స్టార్ట్ చేసి, గేరులో వేసి, తిరుగుతున్న చెయిన్‌ని గుడ్డతో తుడవకండి. గుడ్డ చిక్కుకుంటే వేలు కూడా దాంతోపాటే స్ప్రాకెట్‌లోకి పోతుంది. రెప్ప వేసేలోపు జరిగిపోతుంది. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో, చక్రాన్ని చేత్తో తిప్పండి.

అపోహ: సైలెన్సర్ మారిస్తే, 100 ఆక్టేన్ పోస్తే బండి పరిగెడుతుంది

సౌండు పెరుగుతుంది. చిన్న ఇంజిన్లలో సైలెన్సర్ ఒక్కటే మార్చి ఇంధనం లెక్క సరిచేయకపోతే కింది ఆర్‌పీఎంలో (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) లాగుడు తగ్గుతుంది కూడా. చలానా సంగతి సరే, మీ వీధిలో నిద్రపోయే పసిపిల్లల సంగతీ ఉంది.

ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదు. ఒత్తిడికి తనంతట తానే ముందుగా మండిపోకుండా తట్టుకునే గుణం. ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజిన్ అడిగితే అవసరం, మామూలు కమ్యూటర్ బండికి దాంతో వచ్చేదేమీ లేదు.

ఇంజిన్ ఆయిల్ విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. చాలా బండ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు ఉండొచ్చు, వాటితో క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ (బైకు క్లచ్‌కి సరిపోతుందనే గుర్తు) ఉందా లేదా చూసి, మాన్యువల్ చెప్పిన గ్రేడ్ పోయండి. ఆయిల్ నల్లబడితే పాడైనట్టే అనుకోవద్దు, మసిని తనలో పట్టి ఉంచడం దాని పని. మార్చాల్సింది కిలోమీటర్లు, నెలల లెక్క చూసి.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసుకుంటే చాలు

ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఊళ్లో తిరిగినంతకాలం మీకు తేడా తెలియదు. ట్రాక్ మీద ప్రతి రౌండులో అదే మలుపు ముందు, అంతే గట్టిగా బ్రేకు పడుతుంది. కాలిపర్ (డిస్క్ మీద ప్యాడ్లని నొక్కే భాగం) వేడికి పాత ఆయిల్ మరిగి బుడగలొస్తాయి. బుడగ నొక్కుకుపోతుంది, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, ప్యాడ్‌కి ఒత్తిడి అందదు. కాలిపర్ మీది నిప్పుల్ (ఆయిల్ బయటికి తీసే చిన్న మర) వదులు చేసి పాత ఆయిల్ బయటికి తీస్తే టీ రంగులో వస్తుంది, కొత్తది దాదాపు రంగు లేకుండా ఉంటుంది. రోడ్డు బండికి రెండేళ్లకోసారి, ట్రాక్‌కి వెళ్లే ముందు తప్పకుండా మార్పించండి. డాట్ 4 పోసే చోట డాట్ 5 పోయకండి, అది సిలికాన్ రకం, దీంతో కలవదు. డాట్ 5.1 వేరే, అది కలుస్తుంది.

అపోహ: మోకాలు నేలకి తగిలితేనే రైడర్

మలుపులో బండి ఎంత వాలాలో వేగం, మలుపు వ్యాసార్థం నిర్ణయిస్తాయి. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపుని 60 కి.మీ. వేగంతో తిప్పాలంటే సుమారు 43 డిగ్రీలు వాలాలి. అదే 55 కి.మీ. అయితే 38 చాలు. బండి బరువు ఈ లెక్కలోకి రాదు, కాబట్టి బరువైన బండికి పట్టెక్కువ అన్న మాటా తప్పే.

ఒంటిని లోపలికి వేలాడదీసేది అదే వేగానికి బండి తక్కువ వాలితే చాలన్న ఉద్దేశంతో. దానివల్ల టైరు మీద కొంత మిగులు ఉంటుంది. మోకాలు తగలడం ఆ పనిలో దానంతట అదే వచ్చేది. దాన్నే వెతుక్కుంటూ కాలు చాపి, తల మాత్రం ట్యాంకు మీదే ఉంచి, హ్యాండిల్‌కి వేలాడేవాళ్లు నెమ్మదిగా పోతూనే పడిపోతారు. చేతులు వదులుగా ఉండాలి, పట్టు తొడలతో ట్యాంకుని అదిమి తెచ్చుకోవాలి. చూపు మలుపు చివర మీద ఉండాలి. మనిషి ఎటు చూస్తే బండి అటే పోతుంది, గుంత వైపు చూస్తూ గుంతని తప్పించలేరు.

అపోహ: శ్రీశైలం ఘాటే మన ట్రాక్

కాదు. ఘాట్‌లో మలుపు తిరిగాక బస్సు ఉంటుంది, కోతులుంటాయి, రాలిన ఆకులు, లారీ కార్చిన డీజిల్ ఉంటాయి. రోడ్డు మీద రేసుకి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద జైలు కూడా ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి అసలు ద్విచక్ర వాహనాలకి అనుమతే లేదు.

ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.7 కి.మీ., 12 మలుపులు, అందరూ ఒకే దిక్కున పోతారు. పక్కన కంకర గుంతలు, మార్షల్స్ (జెండాలు చూపించే ట్రాక్ సిబ్బంది), అంబులెన్స్ ఉంటాయి. కోయంబత్తూర్‌లో కారి స్పీడ్‌వే 2.1 కి.మీ., చిన్న బండ్లకి బాగుంటుంది. లీటరు బండి (1000 సీసీ) అక్కర్లేదు. 150 నుంచి 400 సీసీ బండి మీద నేర్చుకున్నవాళ్లే తర్వాత పెద్ద బండిని బాగా నడపడం నేను చూస్తున్నది. జీన్స్‌తో వెళ్లొద్దు, తోలు సూట్, డబుల్ డీ రింగ్ (పట్టీని రెండు ఇనుప రింగుల్లోంచి బిగించే) హెల్మెట్ కావాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది, మళ్లీ వాడొద్దు. జెండాలన్నీ ముందే నేర్చుకోండి, ముఖ్యంగా నల్ల జెండా మీద నారింజ చుక్క. అది మీ బండికే చూపిస్తారు, ఏదో కారుతోందనో ఊడుతోందనో అర్థం. అందరూ పోయే గీత నుంచి పక్కకి తప్పుకోవాలి, వెనక వచ్చేవాళ్ల ప్రాణం దాని మీద ఉంటుంది.

ఇంకొకటి. మామూలు బండి ఇన్సూరెన్సు రేసింగ్‌కి, వేగ పరీక్షలకి వర్తించదు, సర్టిఫికెట్‌లోనే రాసి ఉంటుంది. ట్రాక్ మీద బండి విరిగితే ఖర్చు మీదే అనుకుని వెళ్లండి.

అపోహ: ట్రాక్ డే అయిపోయింది, బండెక్కి ఇంటికి పోవడమే

కూలెంట్ నేల మీద పడితే జారుడు వదలదు కాబట్టి చాలాచోట్ల దాని బదులు డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు. అది అలాగే వదిలేస్తే రేడియేటర్ లోపల తుప్పు మొదలవుతుంది, ఇంటికి రాగానే కూలెంట్ నింపించండి. ట్రాక్ కోసం తీసిన అద్దాలు బిగించండి, లైట్ల మీద అంటించిన టేపు పీకేయండి, యాక్సిల్ నట్లు, కాలిపర్ బోల్టులు స్పానర్ పెట్టి చూడండి. ప్యాడ్లు ఎంత మిగిలాయో టార్చి వేసి చూడండి. టైర్లు పూర్తిగా చల్లారాక, లగేజీ కట్టకముందే, గాలి మళ్లీ రోడ్డు లెక్కకి ఎక్కించండి. ఒళ్లు అలసిపోయి ఉంటుంది, దప్పిక తెలియదు. ఆ రాత్రి ట్రాక్ దగ్గరున్న శ్రీపెరుంబుదూర్‌లోనే పడుకుని పొద్దున బయల్దేరండి.