రాగిలో ఎలక్ట్రాన్ల హద్దు ఆకారం మాగ్నెట్ తో ఎలా తెలిసింది

రాగి తీగలో పై ఎనర్జీలో ఉండే ఎలక్ట్రాన్లు సెకనుకి దాదాపు 1,570 కిలోమీటర్ల స్పీడుతో తిరుగుతుంటాయి, అదీ కరెంట్ పెట్టకుండానే, పైగా తీగని ఎంత చల్లబరిచినా ఆ స్పీడు తగ్గదు. పౌలీ నియమం ప్రకారం ఒక స్థితిలో ఒక్క ఎలక్ట్రానే ఉండాలి కదా, కింది ఎనర్జీలు నిండిపోయాక మిగతావి పైకి పోక తప్పదు. అలా నిండిన చివరి హద్దునే ఫెర్మి సర్ఫేస్ అంటారు. ఇది మొమెంటం లెక్కల్లో గీసుకునే ఆకారం, మైక్రోస్కోప్ లో కనపడదు, కానీ లోహం కరెంట్ ని ఎలా మోస్తుందో తేల్చేది ఆ హద్దు మీదున్న ఎలక్ట్రాన్లే. మరి కనపడని దాని కొలతలు తీసేదెలా?

మాగ్నెటిక్ ఫీల్డ్ ఎలక్ట్రాన్ స్పీడుని పెంచదు, తగ్గించదు, దారి మాత్రం వంచుతుంది, అలా వంగి వంగి గుండ్రంగా తిరగాలి. 1 టెస్లా ఫీల్డ్ లో (హాస్పిటల్లో ఎమ్మారై మెషిన్ మామూలుగా 1.5 టెస్లా) రాగిలో ఆ సర్కిల్ రేడియస్ 9 మైక్రాన్లు. అయితే మన గది వేడిలో పరమాణువులు ఊగుతూనే ఉంటాయి కాబట్టి ఎలక్ట్రాన్ 40 నానోమీటర్లు పోయేసరికి దారి తప్పుతుంది, ఒక రౌండు పూర్తి చేయాలంటే వెయ్యికి పైగా ఢీకొట్టుకోవాలి, ఇక రౌండు ఎక్కడిది! బాగా ప్యూర్ గా ఉన్న క్రిస్టల్ ని లిక్విడ్ హీలియంలో, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర పెడితే ఆ ఊగడం దాదాపు అణిగిపోయి రౌండ్లు పూర్తవుతాయి.

అసలు విషయం అక్కడే మొదలవుతుంది. రౌండు పూర్తయితే క్వాంటమ్ నియమం ఒప్పుకున్న సైజులే మిగులుతాయి, దాంతో ఎనర్జీ మెట్లు మెట్లుగా విడిపోతుంది, వీటినే లాండౌ లెవెల్స్ అంటారు. మామూలు ఎలక్ట్రాన్ కి 1 టెస్లాలో మెట్టుకీ మెట్టుకీ తేడా 1.3 కెల్విన్ (అంటే దాదాపు మైనస్ 272 డిగ్రీల) వేడికి సమానం అంతే, వేడి ఎక్కువైతే మెట్లన్నీ కలిసిపోతాయి, అందుకే అంత చలీ కావాలి, అంత ఫీల్డూ కావాలి.

ఫీల్డ్ పెంచే కొద్దీ మెట్లు దూరం జరుగుతూ ఒక్కోటీ ఫెర్మి హద్దు దాటి పోతుంది, దాటినప్పుడల్లా లోహం అయస్కాంత గుణం కాస్త పెరిగి తగ్గుతుంది. 1930లో సోవియట్ సైంటిస్ట్ లాండౌ థియరీ రాస్తూ ఇలా ఊగాలి గానీ ఫీల్డ్ అంతటా సమానంగా ఉండదు కాబట్టి ప్రయోగంలో కనపడకపోవచ్చు అన్నారు, అదే ఏడాది నెదర్లాండ్స్ లోని లైడెన్ లో డి హాస్, వాన్ ఆల్ఫెన్ బిస్మత్ లో దాన్ని చూసేశారు! అక్కడే షుబ్నికోవ్ రెసిస్టెన్స్ లో కూడా అదే ఊగడం పట్టుకున్నారు. అంత పెద్ద సైంటిస్టుని 1937లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది, ఎప్పుడు చదివినా మనసు బాధపడుతుంది. బిస్మత్ లోనే ముందు దొరకడానికి కారణం ఉంది, అందులో ఎలక్ట్రాన్లు చాలా తేలికైనట్టు ప్రవర్తిస్తాయి, కాబట్టి మెట్ల మధ్య తేడా పెద్దది, హీలియం అంత చలి లేకుండా లిక్విడ్ హైడ్రోజన్ తోనే పనయింది.

నాకు అన్నిటికంటే అందంగా అనిపించేది 1952లో ఆన్‌సాగర్ చెప్పిన మాట. ఫీల్డ్ ని తలకిందులు చేసి, అంటే ఒకటిని ఫీల్డ్ తో భాగించి గ్రాఫ్ గీస్తే ఊగడం సమాన దూరాల్లో వస్తుంది, ఆ దూరం నుంచి ఫెర్మి సర్ఫేస్ ని అడ్డంగా కోస్తే వచ్చే అతి పెద్ద లేదా అతి చిన్న కోత వైశాల్యం నేరుగా వచ్చేస్తుంది. క్రిస్టల్ ని తిప్పుతూ కొలుస్తూ పోతే మొత్తం ఆకారం తేలుతుంది. రాగిది నున్నటి గోళం కాదని, ఎనిమిది దిక్కులా మెడలు పొడుచుకొచ్చి ఉంటాయని వేరే పద్ధతిలో 1957లో పిప్పార్డ్ చూపించారు, తర్వాత షోయెన్‌బర్గ్ ఈ ఊగడంతోనే దాన్ని ఖాయం చేశారు. మధ్యలో లావుగా ఉండే పొట్ట దగ్గరి కోతతో పోలిస్తే మెడ కోత వైశాల్యం దాదాపు 27వ వంతు. 10 టెస్లా దగ్గర పొట్ట తాలూకు ఒక ఊపుకీ ఇంకో ఊపుకీ మధ్య ఫీల్డ్ తేడా 0.002 టెస్లా కూడా ఉండదు, లాండౌ భయపడింది ఇందుకే మరి.

2007లో హై టెంపరేచర్ సూపర్ కండక్టర్లలోనూ (మిగతా సూపర్ కండక్టర్ల కంటే ఎక్కువ వేడిలో కూడా రెసిస్టెన్స్ లేకుండా కరెంట్ మోసే పదార్థాలు) ఇదే ఊగడం దొరికింది. 2015లో సమారియం హెక్సాబోరైడ్ అనే, లోపల కరెంట్ పారని పదార్థంలో కూడా కనపడిందని కేంబ్రిడ్జ్ టీమ్ రాసింది, ఫెర్మి సర్ఫేసే ఉండకూడని చోట అది ఎలా వచ్చిందన్న దాని మీద వాదన నడుస్తూనే ఉంది.